రాయలసీమ గుప్తనిధులు: కథలు, ఆధారాలు, తవ్వకాలు

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో పాడుబడ్డ కోట, పూజ లేని గుడి, పొలం గట్టున ఒంటరిగా కూర్చున్న నంది ఎక్కడ కనిపించినా, దాని కింద నిధి ఉందన్న మాట కూడా వినిపిస్తుంది. ఆ మాటలో నిజమెంత, ఇప్పటిదాకా నిజంగా ఏం దొరికింది, దొరికినదాని మీద హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు చరిత్రకారులకూ భూగర్భ శాస్త్రవేత్తలకూ రెవెన్యూ, పోలీసు శాఖలకూ తలా ఒక వైపు నుంచి ఎదురవుతూనే ఉన్నాయి. ఉత్తర ఐరోపా సముద్రాల్లో మునిగిన ఓడల విషయంలో ఇలాంటి ప్రశ్నలకు గత అరవై, డెబ్బై ఏళ్లలో ఒక పద్ధతి కుదిరింది. అక్కడ ముందు పాత దస్తావేజులు చదువుతారు, ఆ తర్వాతే నీళ్లలోకి దిగుతారు. సీమలో చాలాచోట్ల ముందు గడ్డపారే దిగుతోంది.

కథలు ఎక్కడ పుట్టాయి

నిధుల నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు 550 ఏనుగుల మీద బంగారం, వజ్రాలు, రత్నాలు ఎక్కించుకుని విజయనగరం వదిలి పెనుకొండ చేరాడని రాబర్ట్ స్యూయెల్ 1900లో అచ్చయిన తన విజయనగర చరిత్రలో రాశాడు. ఆ సొమ్ము విలువ పది కోట్ల పౌన్లకు పైమాటేనన్నాడు. ఆ అంకెను యథాతథంగా నమ్మాల్సిన పని లేదు. ఓడిన రాజు వెంట పోయిన సొమ్ము లెక్క, నోటా నోటా పెరగడమే తప్ప తరగదు. ఆ ధనంలో ఎక్కువ భాగం తర్వాతి యుద్ధాలకూ సైన్యాల జీతాలకూ ఖర్చయి ఉంటుందనుకోవడమే సబబు. జనం జ్ఞాపకంలో మాత్రం ఆ ఏనుగులు దారిలో ఆగని దుర్గం లేదు. పెనుకొండ దారికి ఎంతో దూరంలో ఉన్న కొండలకు కూడా ఆ కథ అంటుకుంది.

దాని తర్వాత దాదాపు రెండున్నర శతాబ్దాలు ఈ నేల మీద స్థిమితం లేదు. గోల్కొండ, బిజాపూరు, మొఘలాయీ, మరాఠా, మైసూరు, నిజాం సైన్యాలు వచ్చిపోయాయి. మధ్యలో పాలెగాళ్ల దాడులు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసేనాటికి, ఇంట్లో నాలుగు వరహాలున్న రైతు వాటిని దాచుకోవడానికి నేల తప్ప వేరే చోటు లేదు. పొయ్యి కింద, గోడలో, పెరట్లో కుండ పాతిపెట్టడం ఆనాటి మామూలు పొదుపు. దాచినవాడు హఠాత్తుగా చస్తే ఆ కుండ సంగతి ఎవరికీ తెలియదు. లంకె బిందెల కథలకు మూలం ఇలాంటి చిన్న దాపులే. చిన్న కుండ దొరకడం వేరు, రాజుగారి ఖజానా దొరకడం వేరు. మొదటిది అప్పుడప్పుడు నిజంగా జరుగుతుంది. మొదటిది జరిగినప్పుడల్లా రెండోదాని మీద నమ్మకం పెరుగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

భూమిలో దొరికే సొమ్ము మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా పాతదే. విజయనగర కాలపు దానశాసనాల్లో గ్రామాన్ని అష్టభోగ సహితంగా ఇస్తున్నట్టు రాసేవారు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అన్నవి ఆ ఎనిమిది. వాటిలో మొదటి రెండూ భూమిలో దాగిన సొమ్ముకు సంబంధించినవే. అంటే గ్రామం పుచ్చుకున్నవాడికి అందులో దొరికే నిధి కూడా దక్కుతుంది. నీరు, రాయి లాగే నిధిని కూడా ఎప్పుడో ఒకప్పుడు చేతికందే రాబడిగా ఆనాటి పాలన లెక్కవేసుకుందన్నమాట.

సొమ్ము ఎటు పోయింది

నిధి వేటగాళ్లు పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ ప్రాంతపు సంపద ఎలా చేతులు మారిందో చాలావరకు రాతలోనే ఉంది. 1579 ప్రాంతంలో గోల్కొండ సేన అహోబిలం మీద పడి గుడి సొమ్ము ఎత్తుకుపోయింది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని వారి చేతుల్లోంచి గండికోటను పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత, 1652లో, ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే అతణ్ని కలవడానికి గండికోటకు వచ్చాడు. చుట్టుపక్కల గుళ్లలోంచి పోగుచేసిన లోహ విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించే పనిని మీర్ జుమ్లా ఒక ఫ్రెంచి పనివాడికి అప్పగించాడని తావెర్నియే తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. ఇవాళ గండికోట మాధవరాయస్వామి గుడి దగ్గర పంచలోహ విగ్రహాలు పాతిపెట్టి ఉన్నాయని చెప్పుకునేవాళ్లు ఈ రాత ఒక్కసారి చదివితే చాలు. విగ్రహాలను దాచడం కన్నా కరిగించడమే ఆ యుద్ధకాలపు అవసరం.

కర్నూలు కోటలో దాచిన దాపు ఒకటి నిజంగానే బయటపడింది. నవాబు గులాం రసూల్ ఖాన్ కుట్ర పన్నుతున్నాడన్న అనుమానంతో 1839లో కంపెనీ సైన్యం కోటను స్వాధీనం చేసుకుని వెతికింది. లోపల లెక్కకు మించిన ఫిరంగులు, మందుగుండు, ఆయుధాలు పోగుపడి ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో జోహరాపురం దగ్గర పోరు జరిగింది, నవాబును తిరుచిరాపల్లికి పంపేశారు, రాజ్యం కంపెనీలో కలిసిపోయింది. దాపు దొరికింది, అందులో ఉన్నది ఇనుమూ తుపాకిమందూ. ఏడేళ్ల తర్వాత, 1846 జూలైలో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు కోయిలకుంట్ల ఖజానా కొల్లగొట్టినప్పుడు చిక్కిన సొమ్ము ఎనిమిది వందల చిల్లర రూపాయలు. తాలూకా ఖజానా అంటే ఊహించుకునే రాశులకూ అందులో ఉండే రొక్కానికీ మధ్య దూరం ఎంతో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

దొరికినవి ఎలా దొరికాయి

నంద్యాలలో 1932లో రోమన్ బంగారు నాణేల కుండ బయటపడింది. కడప జిల్లా అత్తిరాలలో కూడా రోమన్ బంగారు నాణేలు దొరికాయి. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో మిరియాలు, బట్టలు, రత్నాల వ్యాపారం కోసం తీరానికి వచ్చిన సొమ్ము ఇంత లోపలి దాకా ఎందుకు వచ్చిందన్నది చరిత్రకారులకు ఆసక్తికరమైన ప్రశ్న. పెన్నా, కుందూ లోయల వెంట పడమటికి సాగిన బాటలు, ఆ బాటల మీది వజ్రాల బేరం అందుకు కారణం కావచ్చన్నది ఒక ఊహ.

ఈ మధ్య కాలంలో చెప్పుకోదగ్గవి శ్రీశైలంలో దొరికాయి. 2020లో అక్కడి ఘంటామఠం జీర్ణోద్ధరణ పనుల్లో గోడలు విప్పుతుండగా తామ్రశాసనాలు, వెండి నాణేలు, తర్వాత బంగారు నాణేలు బయటపడ్డాయి. వార్తల్లో బంగారానికి వచ్చిన పేరు రాగిరేకులకు రాలేదు. చరిత్రకు మాత్రం ఆ రేకులే పెద్ద లాభం. ఏ రాజు ఏ భూమిని ఎవరికి ఇచ్చాడో, ఆ మఠానికి ఎక్కడెక్కడి రాజులతో సంబంధాలున్నాయో నాణెం చెప్పలేదు, శాసనం చెబుతుంది.

ఇలా దొరికి అధికారికంగా నమోదైనవాటిని చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. దుక్కి దున్నుతుంటే, ఇంటి పునాది తీస్తుంటే, పాత గోడ కూలిస్తే, చెరువు పూడిక తీస్తే అనుకోకుండా బయటపడ్డవే దాదాపు అన్నీ. అంజనం వేసి, కోడిని కోసి, అమావాస్య రాత్రి తవ్వి తీసిన నిధి ఏదీ ప్రదర్శనశాలల పట్టీల్లోకి ఎక్కలేదు. రాత్రి తవ్వినవాళ్లు చెప్పరు కదా అనవచ్చు. నిజమే, కానీ పట్టుబడినవాళ్ల కేసుల్లో పోలీసులు స్వాధీనం చేసుకునేది తరచుగా గడ్డపారలు, నిమ్మకాయలు, పసుపుకుంకాలు, ఒక డిటెక్టరు, అద్దె కారు.

తప్పుగా చదివిన రాళ్లు

వేటగాళ్లు దేన్ని చూసి తవ్వుతారన్నది పరిశోధకుడు తప్పక గమనించాల్సిన విషయం. సూర్యుడు, చంద్రుడు చెక్కిన రాయి కనిపిస్తే నిధి గుర్తు అంటారు. ఆ రాయి దానశాసనమో పొలిమేర రాయో అయి ఉంటుంది. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లుతుందని చెప్పడానికి వాటిని చెక్కారు. గొడుగు, కమండలం పట్టిన వామనుడి బొమ్మ విష్ణ్వాలయ భూమికి, లింగం బొమ్మ శివాలయ భూమికి హద్దు. గాడిద బొమ్మ ఉంటే అది దానాన్ని చెరిపినవాడికి శాపం. కత్తి ఎత్తి నిలబడ్డ మనిషి రాయి వీరగల్లు, పశువుల మందను కాపాడుతూనో ఊరి మీద పడ్డ దొంగలతో పోరాడుతూనో చనిపోయినవాడి గుర్తు. వీటిలో ఏదీ తన కింద ఏముందో చెప్పదు. తన చుట్టూ ఉన్న నేల ఎవరిదో, అక్కడ ఏం జరిగిందో చెబుతుంది. పెకలించి పక్కన పారేశాక ఆ సంగతి కూడా చెప్పలేదు, ఎందుకంటే హద్దురాయికి అర్థమంతా అది నిలిచిన చోటులోనే ఉంది.

గుళ్ల మీద పడటానికి వేరే కారణముంది. విగ్రహ ప్రతిష్ఠలో పీఠం కింద యంత్రం, నవరత్నాలు, కొద్దిగా బంగారం, ధాన్యం ఉంచడం ఆగమ సంప్రదాయం. ఆ మాట సగం తెలిసినవాడికి మూలవిరాట్టు కింద, నంది కడుపులో, ధ్వజస్తంభం మొదట్లో రాశులున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఉండేది పిడికెడు. నల్లమల అంచుల్లో, పాత అగ్రహారాల్లో తల పగిలిన నందులు, పీఠం నుంచి ఊడిపడ్డ లింగాలు ఈ సగం తెలివికి సాక్ష్యాలు. వెయ్యేళ్ల శిల్పం పగలగొడితే చేతికొచ్చేది ఒక్కోసారి గోరంత బంగారు రేకు, ఎక్కువసార్లు ఏమీ ఉండదు.

ఊరి జనం పాండవుల గుళ్లని, రాక్షస గుళ్లని పిలిచే బండరాతి గూళ్లదీ ఇదే గతి. అవి ఇనుప యుగపు సమాధులు. వాటిలో ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు ఉంటాయి. నిధి వెతికేవాడు కుండలు పగలగొట్టి, ఎముకలు విసిరేసి, ఉత్తచేతులతో పోతాడు. తర్వాత వచ్చే పురావస్తు శాఖకు చెల్లాచెదురైన పెంకులు మిగులుతాయి.

కాగితాల దారి

బాల్టిక్ సముద్రంలో 1771లో మునిగిన వ్రౌ మరియా అనే డచ్చి ఓడ కథ ఇక్కడ పనికొస్తుంది. రష్యా రాణి కేథరిన్ కోసం కొన్న చిత్రపటాలు అందులో ఉన్నాయి. క్రిస్టియన్ ఆల్‌స్ట్రోమ్ అనే పరిశోధకుడు పాత రికార్డులు తవ్వి ఓడ ప్రయాణాన్ని, మునక వివరాలను ఒక దారికి తెచ్చాడు. ఆ దారిలో వెతికినవాళ్లకు 1999లో ఫిన్లాండు తీరంలో ఓడ కనిపించింది. స్వీడన్‌లో వాసా ఓడను 1956లో కనిపెట్టిన ఆండర్స్ ఫ్రాన్సెన్ కూడా దస్తావేజులతోనే మొదలుపెట్టాడు.

సీమకు అలాంటి కాగితాల నిల్వ లేదనుకోవడం పొరపాటు. దత్త మండలాల్లో పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించారు. ఆ పనికి ఊపిరి పోసినవాళ్లు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. చెరువు ఎవరు తవ్వించారు, కోట ఎవరు కట్టారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఊరు ఎన్నిసార్లు పాడయింది, మళ్లీ ఎప్పుడు నిలబడింది అన్నవి వాటిలో ఉన్నాయి. కడప జిల్లావి కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. కోట కట్టినవాడికి ముందు నిధి దొరికిందన్న ఐతిహ్యం దక్కన్ కథల్లో మామూలే కాబట్టి కైఫీయత్తు చదివేటప్పుడు కథను కథగా, మాన్యాల పట్టీని పట్టీగా వేరు చేసుకోవాలి. వీటికి తోడు కడప జిల్లా శాసనాలు పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో మూడు భాగాలుగా వెలువడ్డాయి. దొరికిన తెలుగు శాసనాల్లో తొలిదిగా చెప్పే కలమళ్ల శాసనం ఈ జిల్లాదే. బంగారం తూకంలో దానికి విలువ లేదు. తెలుగువాళ్లకు ఆ జిల్లా ఇచ్చిన వాటిలో అంతకు మించింది లేదు.

పరికరాల మాట, చెన్నంపల్లి మాట

మెటల్ డిటెక్టరు చుట్టలోంచి వచ్చే మారే అయస్కాంత క్షేత్రం లోహంలో సుడి విద్యుత్తు పుట్టిస్తుంది, దాన్ని పరికరం పసిగడుతుంది. చిన్న నాణెం జానెడు, మహా అయితే మూరెడు లోతు దాటితే మామూలు డిటెక్టరుకు అందదు. పెద్ద లోహపు పెట్టె అయితే మీటరు, రెండు మీటర్లు. ఇనుము కలిసిన ఎర్రమట్టి, పొలంలో తెగిపడ్డ నాగలి ముక్క, బీరు మూత అన్నీ దానికి ఒకటే. ముప్పై అడుగుల లోతున బంగారం చూపిస్తానని లక్షలు తీసుకునే స్కానర్లు మోసం. బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబులు అమ్మే ముఠాలకూ వీటికీ తేడా పేరులోనే.

భూమిలోకి రేడియో తరంగాలు పంపే రాడార్ నిజమైన శాస్త్రమే, కానీ దానికి నేల కలిసిరావాలి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో తేమ, బంకమన్ను తరంగాలను మింగేస్తాయి. అవుకు, కొలిమిగుండ్ల వైపు సున్నపురాయిలో తరంగం లోపలికి పోతుంది, అక్కడ ఖాళీ గది ఉన్నట్టు కూడా చూపిస్తుంది. ఆ రాయిలో ఖాళీలు ప్రకృతి చేసినవి. బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా సాగింది నీరు సున్నపురాయిని కరిగించడం వల్లనే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వి తీసింది అంతరించిన జంతువుల ఎముకలను. వెతకాల్సింది ఏమిటో తెలిసి దిగారు కాబట్టి ఆ ఎముకలే వాళ్లకు పెన్నిధి అయ్యాయి.

తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో ప్రభుత్వ అనుమతితోనే నిధి తవ్వకం మొదలైంది. రెవెన్యూ, పోలీసు, గనుల శాఖల అధికారులు దగ్గరుండగా యంత్రాలు దిగాయి. ఊరివాళ్లు అభ్యంతరం చెప్పారు, పని ఆగింది, మళ్లీ సాగింది. బయటపడినవి ఎముకలు, ఇటుకలు. నిధి రాలేదు. అక్కడి అసలు లోపం అధికారుల నిజాయితీలో లేదు, పని క్రమంలో ఉంది. పురావస్తు తవ్వకంలో మట్టిని పొరపొరగా తీసి, ప్రతి పొరలో దొరికినదాన్ని కొలిచి, గీసి, ఫొటో తీస్తారు. నిధి తవ్వకంలో ఫలానా చోట ఉందని ఎవరో చెబితే నేరుగా అక్కడికి గుంత తీస్తారు. మొదటి పద్ధతిలో ఇటుక దొరికినా కోట వయసు తెలుస్తుంది. రెండో పద్ధతిలో ఇటుక దొరికితే అది చెత్త. ప్రభుత్వమే ఆ రెండో దారి తొక్కితే, రాత్రిపూట తవ్వేవాళ్లను ఏ ముఖంతో ఆపాలన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

తొలకరి వజ్రాలు

అదే తుగ్గలి మండలంలో, జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో, పక్కన మద్దికెర, పెరవలి వైపు, భూమి నిజంగానే సొమ్ము ఇస్తుంది. తొలకరి వాన పడి నేల కడిగినట్టు కాగానే, పక్క జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి కూడా కుటుంబాలు సద్దిమూటలతో వచ్చి, చెట్ల కింద దిగి, ఉదయం వాలు వెలుతురులో నేల చూస్తూ నడుస్తాయి. దీనికి మంత్రం అక్కర్లేదు, భూగర్భ కారణం ఉంది. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టూ వజ్రాలు మోసుకొచ్చే కింబర్లైటు రాతి గొట్టాలు ఉన్నాయి. కోట్ల ఏళ్లుగా అవి అరిగి, అందులోని వజ్రాలు గులకరాళ్లతో కలిసి వాగుల వెంట పరుచుకున్నాయి. మట్టి కొట్టుకుపోతుంది, బరువైన రాయి నిలుస్తుంది. ప్రతి వానా పైపొరను కొంచెం తొలగిస్తుంది.

బనగానపల్లె దగ్గర వజ్రాలున్నది మరీ పాత గులకరాతి పొరలో. పైనున్న గట్టి రాతిని పగలగొట్టి ఇరవై అడుగుల దాకా గుంతలు దింపి, అడుగున ఆ పొర వెంట అడ్డంగా సొరంగాలు తీసేవారని పందొమ్మిదో శతాబ్దపు భూగర్భ పరిశోధకులు రాశారు. కడప పక్కన చెన్నూరు, ఓబులంపల్లిల్లో పెన్నా ఒండ్రులో వజ్రాల గుంతలుండేవి. వాటిని చూసిన బెంజమిన్ హేన్ వర్ణన 1814లో అచ్చయింది. తావెర్నియే చెప్పిన రావల్కొండ గని కర్నూలు దగ్గరి రామళ్లకోటేనని భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ గుర్తించాడు. ఆ గుంతలన్నీ ఇప్పుడు పూడిపోయాయి.

పొలంలో దొరికిన వజ్రం చట్టం దృష్టిలో గుప్తనిధి కాదు, ఎవరూ దాచలేదు కాబట్టి. అది ఖనిజం, 1957 నాటి గనుల చట్టం పరిధిలోకి వస్తుంది. ఆచరణలో రాయి దొరికినవాడు నేరుగా స్థానిక వ్యాపారి దగ్గరికి పోతాడు. రంగు, మచ్చ, బరువు చూసి ధర చెప్పేది వ్యాపారే. కూలీకి దాని అసలు విలువ తెలిసే దారి లేదు. పత్రికల్లో లక్షల వజ్రం కథ వచ్చిన మర్నాడు పొలాల్లో జనం రెట్టింపవుతారు. విత్తనం వేయాల్సిన అదునులో చేను తొక్కుడుకు గురవుతుందని రైతులు బోర్డులు పెట్టి అడ్డుకోవడం కూడా ఏటా ఉన్నదే. జొన్నగిరిలో బంగారు గని కూడా ఉంది. అక్కడ పూర్వులు తవ్వి వదిలేసిన గుంతలే ఇప్పటి బంగారు గని అన్వేషణకు దారి చూపాయి. అశోకుడి కాలపు సువర్ణగిరి ఇదేనని కొందరు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు అంటారు. పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడి ధర్మశాసనాలున్నాయి. వాటిని కనిపెట్టినవాడు ఒక భూగర్భ శాస్త్రవేత్త కావడం ఈ నేలకు తగ్గట్టే ఉంది.

చట్టం

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టమే ఇప్పటికీ అమలులో ఉంది. భూమిలో దాగి, పది రూపాయలకు మించిన విలువ గలది ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులను పిలిచి, విచారణ చేస్తాడు. సొంతదారు లేడని తేలి, భూమి యజమాని కూడా వాటా అడిగితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పావు, యజమానికి పావు. ప్రభుత్వం ఆ వస్తువును తీసుకోదలిస్తే అందులోని పదార్థం విలువకు తోడు దానిలో అయిదో వంతు అదనంగా చెల్లించాలి. చెప్పకుండా దాచినవాడికి ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే వేరే చట్టాలు కూడా వర్తిస్తాయి, వందేళ్లు దాటిన వస్తువులతో వ్యాపారానికి 1972 నాటి పురావస్తువుల చట్టం కింద లైసెన్సు కావాలి.

దొరికితే ప్రభుత్వం లాక్కుంటుందనే సీమలో చాలామంది అనుకుంటారు. చట్టంలో ఉన్నది దానికి దాదాపు వ్యతిరేకం. ఆ భయం వల్లే కుండలో నాణేలు దొరికిన కూలీలు రాత్రికి రాత్రి పంచుకుని, కరిగించి, తూకానికి అమ్మేస్తారు. నాణెం మీది రాజు పేరు మూసలో పోతుంది. ఇంగ్లండులో 1996 చట్టం తర్వాత దొరికినవి చెప్పుకోవడం బాగా పెరిగింది, ఎందుకంటే అక్కడ వెల కట్టడం, చెల్లించడం బహిరంగంగా జరుగుతాయి. 2009లో స్టాఫర్డ్‌షైర్ పొలంలో ఒక డిటెక్టరుకు చిక్కిన ఆంగ్లో శాక్సన్ బంగారాన్ని 32 లక్షల 85 వేల పౌన్లుగా వెలకట్టి, దొరికినవాడికీ రైతుకూ చెరిసగం ఇచ్చారు, బంగారం మ్యూజియాలకు చేరింది. మన 1878 చట్టంలో వాటాల సూత్రం ఇంతకన్నా తక్కువ ఉదారంగా ఏమీ లేదు. లేనిది ఆ వాటా సకాలంలో చేతికొస్తుందన్న నమ్మకం.

నీళ్ల కింద

ఈ పొడి నేలలో నీట మునిగిన చరిత్ర కూడా ఉంది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణా, తుంగభద్ర ఒడ్డున సుమారు వంద ఊళ్లు మునిగాయి. ఆ లోయ చాళుక్యుల నాటి గుళ్లతో నిండిన చోటు. కొన్నింటిని రాయి రాయికి అంకె వేసి, విప్పి, తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి, కొన్ని గుళ్లు కర్నూలు పక్కన జగన్నాథగట్టుకు చేరాయి. అంతకు ముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండలో జరిగిన తవ్వకం, తరలింపు ఈ పనికి నమూనా. కొండ మీదికో గట్టు మీదికో చేరిన రాళ్లు దక్కాయి. ఊళ్లు, బావులు, శ్మశానాలు, గుడి చుట్టూ ఉన్న మట్టిపొరలు నీటి కింద ఉండిపోయాయి.

ఏడు నదులు కలిసే చోటుగా పేరున్న సంగమేశ్వరం మునిగిన రెండు దశాబ్దాల తర్వాత 2003లో మళ్లీ కంటికి కనిపించింది. అప్పటి నుంచి జలాశయం నీటిమట్టం బాగా తగ్గిన ఏడాదుల్లో ఫిబ్రవరి, మార్చి నెలల నుంచి గుడి శిఖరం, ఆ తర్వాత ప్రాంగణం బయటపడతాయి. అక్కడి లింగం వేపకొయ్యది. కొయ్య అన్నేళ్లు నీటిలో నిలవడం మహిమగా చెప్పుకుంటారు. గాలి తగలని నీటి అడుగున కలపను తినే జీవులు తక్కువ, అది ఎక్కువ కాలం మన్నుతుంది. 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోం రేవులో మునిగిన వాసా యుద్ధనౌక 333 ఏళ్ల తర్వాత, 1961లో, దాదాపు చెక్కుచెదరకుండా పైకి వచ్చింది. ఉప్పు తక్కువైన బాల్టిక్ నీటిలో కొయ్యను తొలిచే ఓడపురుగు బతకదు. దాన్ని పైకి తెచ్చాకే అసలు కష్టం మొదలైంది. కలప పగలకుండా పదిహేడేళ్లు రసాయనం చల్లాల్సి వచ్చింది. సంగమేశ్వరంలో కొయ్యకూ, సున్నపు గోడలకూ ఏటా ఆ కష్టమే. నీటిలో ఉన్నప్పటికన్నా నాని, ఎండి, మళ్లీ నానడంలోనే పాడు ఎక్కువ.

వ్రౌ మరియా మీద హక్కు కావాలని ఓడను కనిపెట్టినవాళ్లు కోర్టుకెళ్తే, వందేళ్లు దాటిన మునిగిన ఓడ ప్రభుత్వానిదేనన్న ఫిన్లాండు చట్టమే గెలిచింది. ఓడను ఇప్పటికీ పైకి తీయలేదు. ఉన్నచోటే కొలతలు వేసి, బొమ్మలు గీసి ఉంచారు. శ్రీశైలం జలాశయం అడుగున ఉన్న ఊళ్లకు కావలసింది అలాంటి పటమే. ముంపు నష్టపరిహారం కోసం అప్పట్లో వేసిన సర్వే రికార్డులు, తరలించిన గుళ్ల రాతి అంకెల పట్టీలు, నిర్వాసితుల్లో ఇంకా మిగిలిన పెద్దల జ్ఞాపకాలు కలిపితే ఏ ఊరి ఏ వీధి ఎక్కడుందో తేల్చవచ్చు. నేల మీద కొలతలు వేసేందుకు వీలయ్యేది వేసవిలో నీరు దిగిన కొద్ది వారాలే. జూలై, ఆగస్టుల్లో పైనుంచి వరద వస్తే ఆ ఏటికి పని ఆగినట్టే.